రంగుల జోస్యం కన్నా ఇంటి బండ ముఖ్యం

చిరంజీవి అల్లుడికి, మీ మామ ఆశీర్వదించి రాసేది.

నంద్యాలలో దుప్పట్లు, కర్టెన్లు, సోఫా కవర్లు, వంటింటి సామాన్ల అంగడి పెడుతున్నావని విన్నాను. విదేశీ సంస్థలు ఏటా ప్రకటించే ‘ఈ ఏటి రంగు’ చూసి సరుకు తెప్పించాలని నీ ఆలోచన అట. అంగడి ఆలోచన మంచిదే. రంగు సంగతిలో మాత్రం నా మాట వేరు. ఆ ప్రకటనలు తప్పక చదువు, కానీ వాటిని నమ్మి పెట్టుబడి పెట్టొద్దు. వచ్చే ఏడు ఇక్కడ ఏ రంగు అమ్ముడవుతుందో మన ఇళ్లలో ఇప్పటికే పాతుకుపోయిన రంగులే బాగా చెబుతాయి.

ముందు ఆ జోస్యం ఎవరి అవసరం కోసం పుట్టిందో చూడు. 1962లో అమెరికాలో కలర్ మార్కెటింగ్ గ్రూప్ అనే సంఘం ఏర్పడింది. మరుసటి ఏడే ఫ్రాన్స్, జపాన్, స్విట్జర్లాండ్ కలిసి రంగులు తేల్చే సంఘంగా ఇంటర్‌కలర్ పెట్టుకున్నాయి. నూలుకు అద్దకం వేసేవాళ్లు, బట్ట నేసేవాళ్లు, పెయింటు, ప్లాస్టిక్ తయారుచేసేవాళ్లు సరుకు అంగడికి చేరడానికి చాలా ముందే రంగు తేల్చుకోవాలి. ఒకరి కర్టెన్ ఇంకొకరి గోడరంగుకు నప్పకపోతే ఇద్దరికీ నష్టమే. అందుకే ఇంటర్‌కలర్ సభ్యులు దాదాపు రెండేళ్ల ముందుగానే కూర్చుని రంగులు ఖాయం చేసుకుంటారు. ఇందులో కొనేవాళ్ల మనసు చదవడం కొంతే, తయారీదారులు తమలో తాము కుదుర్చుకునే ఒప్పందమే ఎక్కువ. రంగుల సంస్థ పాంటోన్ 2000 నుంచి ప్రకటిస్తున్న ఏటి రంగుతో దానికి ప్రచారమూ తోడైంది. నిజంగా జోస్యమే అయితే అందరి మాటా దగ్గరదగ్గరగా ఉండాలి కదా? 2025కు పాంటోన్ కాఫీ ఛాయ ‘మోకా మూస్’ అంది, ఏషియన్ పెయింట్స్ ఊదా ఛాయ ‘కార్డినల్’ అంది, డ్యూలక్స్ నిండు పసుపు ‘ట్రూ జాయ్’ అంది. ముగ్గురూ చేయి తిరిగినవాళ్లే. ముగ్గురి మాటా విని సరుకు దింపుకుంటే మాత్రం అల్మారాలు నిండుతాయి, గల్లాపెట్టె నిండదు.

ఇక రంగు స్వభావం చూడు. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు, నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. లోపం నలుపులో లేదని, దాని పక్కన నేసిన రంగుల్లో ఉందని ఆయన తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఏ రంగైనా పక్క రంగును బట్టే కంటికి ఆనుతుంది. మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు ఆ పక్క రంగు నేలకు పరిచే బేతంచెర్ల బండ. ఒకసారి పరిచారంటే ఆ నలుపు, బూడిద, పచ్చ ఛాయలు ఒక తరం పాటు ఇంట్లో ఉండిపోతాయి. నల్లబండ మీద కాఫీ రంగు తివాచీ పరిస్తే తుడవని నేలలా కనిపిస్తుంది. అదే తివాచీ తెల్ల టైల్స్ మీద హుందాగా ఉంటుంది. 2024లో పాంటోన్ ఎంచిన లేత ‘పీచ్ ఫజ్’ రంగు డోర్‌మ్యాట్ వేస్తే నల్లరేగడి దుమ్ముకు ఎన్నాళ్లు ఆగుతుందో నువ్వే చెప్పు.

వస్తువు ఎంతకాలం మన్నుతుందన్నది మరో లెక్క. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ శిల్పుల రాతి విగ్రహం తరాలు నిలుస్తుంది, దానికి ఏటి రంగుతో పనే లేదు. సోఫా, కర్టెన్ ఏళ్ల తరబడి వాడేవి. దిండు గలీబు, ప్లాస్టిక్ డబ్బా త్వరగా మారేవి. వస్తువు ఆయుష్షు ఎంత తక్కువైతే కొత్త రంగుతో సాహసం చేయడానికి అంత వీలు.

‘పిల్లలంతా ఫోన్లో చూసిన రంగే అడుగుతారు’ అంటావేమో. అడుగుతారు, నిజమే. కానీ కర్టెన్ కొనేటప్పుడు డబ్బిచ్చే పెద్దలు కూడా పక్కనే ఉంటారు, వాళ్లు బండను, గోడను తలుచుకునే బేరం చేస్తారు. ‘హోల్‌సేల్‌లో కొత్త రంగులే దొరికితే ఏం చేయాలి?’ అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. మిల్లులు జోస్యం వెంట పోతే సరఫరా అటే ఒరుగుతుంది. జోస్యం చదవమన్నది అందుకే. ఏ రంగు మార్కెట్లో కరువవుతుందో ముందే పసిగట్టి, ఇక్కడ ఎప్పుడూ అడిగే ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ సరుకు తెచ్చిపెట్టుకోవచ్చు. కొత్త ఇళ్లలో బండలు పోయి టైల్స్ వస్తున్నాయన్నదీ నిజమే. అయితే టైల్స్ కూడా ఏటా మారేవి కావు. పక్క రంగు మారింది గానీ లెక్క మారలేదు.

కాబట్టి అంగడిలో ఒక బేతంచెర్ల బండ, ఒక తెల్ల టైలు, ఒక మీగడ రంగు టైలు పెట్టు. ఏ బట్టనైనా పగటి వెలుతురులో వాటి మీద పరిచి చూపించు. పెట్టుబడిలో పెద్ద వాటా వాటికి నప్పే రంగులకు, చిన్న వాటా గలీబుల్లాంటి వాటిలో కొత్త రంగులకు కేటాయించు. సంక్రాంతికి, అహోబిలం పార్వేట ఉత్సవానికి, పెళ్లిళ్ల కాలానికి ఏ ఊరివాళ్లు ఏ రంగు అడిగారో, లేదనిపించుకుని వెళ్లిన రంగేదో పుస్తకంలో రాసుకో. రెండేళ్లు వదలకుండా రాస్తే, నంద్యాలకు అంతకు మించిన జోస్యం ఎవరూ రాయలేరు.

ఇట్లు,
మీ మామ