జనరేటరు వద్దు తల్లీ

పార్వతీపురం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. అంతకుముందే మీ అమ్మ ఫోను చేసింది. ఆఫీసు నుంచి రాగానే బ్యాగు పడేసి పార్కుకి పోతున్నావట. రాత్రి ఎప్పుడో వచ్చి చల్లారిపోయిన అన్నం తింటున్నావట. కాలనీ అసోసియేషన్ పెద్దాయనతో మాటా మాటా కూడా వచ్చిందట. "మీరు చెప్తే వింటుంది బావగారూ" అంది. నువ్వు ఎవరి మాట వింటావో నాకు తెలీదా, మీ నాన్న కూతురివి! అయినా రాస్తున్నాను.

మీ పార్కులో ముందస్తు సంక్రాంతి, జనవరి రెండో ఆదివారం, నాలుగు వందల మంది, పొగా చెత్తా లేని పండగ. ఆలోచన నాకు నచ్చింది. ఉత్తరం మీ పెద్దమ్మకి చదివి వినిపించాను. పాత చీరలతో బ్యానర్లన్న చోట "నా జరీ చీర మీద కన్నేసిందేమో చూడండి" అని నవ్వింది. మూడో పేజీ దాకా ఇద్దరం సంతోషంగానే వచ్చాం. అక్కడ ఒక్క ముక్క కనబడింది. "స్టాండ్‌బైకి 25 కేవీఏ జనరేటరు మాట్లాడాం" అని. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్ము.

ఎందుకమ్మా అంత పెద్దది? మీకున్నది ఒక మైకు సెట్టు, నాలుగు ఫ్యాన్లు, పది ఎల్‌ఈడీ దీపాలు. అన్నీ కలిపినా రెండు కిలోవాట్లు దాటదు. 25 కేవీఏ అంటే ఇరవై కిలోవాట్ల బండి. దాని మీద పదో వంతు లోడు పెడితే అది ఊరికే కూర్చోదు, గంటకి రెండు లీటర్ల దాకా డీజిలు తాగుతుంది. నాలుగు గంటలకి ఎనిమిది లీటర్లు. లీటరు డీజిలు కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడు వస్తుంది, అంటే ఇరవై కిలోలు పైమాటే. అదే లోడు కరెంటు మీద నడిపితే ఎనిమిది యూనిట్లు. మన దేశంలో యూనిట్‌కి సుమారు 0.7 కిలో లెక్కేసుకున్నా ఆరు కిలోలు రావు. జనరేటరుని తెచ్చే లారీ పొగా, ఆ మోతా నేను లెక్కలో వెయ్యలేదు. డిపార్ట్‌మెంట్‌లో తాత్కాలిక కరెంటు సర్వీసుకి దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, మీటరు పెట్టించుకోండి. రేటు కాస్త ఎక్కువే పడుతుంది, పడనీ. లైన్‌మన్ వచ్చినప్పుడు మంచినీళ్లిచ్చి, ఎర్తింగ్ సరిగ్గా ఇచ్చాడో లేదో పక్కన నిలబడి చూడు. పిల్లలు తిరిగే చోట వైరు నేల మీద పరవనివ్వకు.

కరెంటు పోతే? పోనీ. అసలు నేను చెప్పేది, దీపాలే లేకుండా చెయ్యండి అని. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెట్టండి. జనవరిలో విశాఖలో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. ఆ వేళకి చివరి ముద్ద నోట్లో పడి, పిల్లలు ఇళ్లకి మళ్లుతూ ఉండాలి. చలికాలపు ఎండ ఊరికే వస్తుంటే దాన్ని వదిలేసి, రాత్రి ఏడింటికి ఫోకస్ లైట్లు వేసి సంక్రాంతి చెయ్యమని ఎవరన్నారమ్మా? వీడియోలో బాగా పడుతుందనేగా!

మా చిన్నప్పుడు ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే రెండే పెట్రోమాక్సు లైట్లుండేవి. వాటికి పంపు కొట్టే పని నాదీ మీ నాన్నదీ. సంచిలాంటి ఆ మేంటిల్ ఉంది చూశావూ, ఒకసారి కాలాక వట్టి బూడిద. వేలు తగిలితే రాలిపోతుంది. అందుకని లైటుని ముత్తయిదువ చేతిలో పసిబిడ్డలా మోసుకెళ్లేవాళ్లం. ఒకసారి కాటిసీను మధ్యలో లైటు ఎర్రబడింది. హరిశ్చంద్రుడు పద్యం రాగంలో ఉన్నాడు. రాగం ఆపకుండానే మా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. మీ నాన్న స్టేజీ ఎక్కి, శవాలు కాలే చోట చతికిలబడి, బుసబుసమని పంపు కొట్టాడు. వెలుగు రాగానే జనం చప్పట్లు, వన్స్‌మోరు. పద్యానికో పంపుకో ఈనాటికీ తేలలేదు. మీ నాన్న మాత్రం తనకే అంటాడు. ఎందుకు చెప్తున్నాను? ఆ, వెలుతురు గురించి.

ఇంకోటి నీకే గుర్తుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది కదా. నేనింకా కరెంటాఫీసులో సర్వీసులో ఉన్నాను. పోల్సు వరసగా పడిపోయాయి. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు మా ఆఫీసు వరండాలో పడుకునేవారు. ఊరంతా చీకటి. మీ వీధివాళ్లంతా ఫ్రిజ్జుల్లో ఉన్నవన్నీ బయటికి తీసి, ఒకే చోట వండుకుని తిన్నారు. నువ్వు ఎదురింటి ముసలమ్మకి గిన్నెలో పులుసు పట్టుకెళ్లడం నా కళ్లారా చూశాను. కూలిన కొమ్మలు ఎండి గుట్టలుగా ఉన్నాయని ఆ దీపావళికి టపాసులు వద్దన్నారు. జనం దీపాలు పెట్టుకున్నారు. ఆ దీపావళిని తక్కువ పండగని ఎవరూ అనలేదు. అప్పటికి ఈ కార్బన్ మాటలు మన ఇళ్లలో లేవు. మీ పార్కులో ఇప్పుడున్న కానుగలూ వేపలూ చాలామటుకు ఆ తర్వాత నాటినవే. సీరియల్ సెట్ల కోసం వాటికి మేకులు కొట్టించావో, నేను బస్సు దిగి అట్నుంచటే వెనక్కి వచ్చేస్తాను.

మైకు కూడా అంత అవసరమా అని నా అనుమానం. తప్పెటగుళ్ల వాళ్లని పిలువు. పదిహేను మంది గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఒక్కసారి ఎగిరితే నాలుగో వీధికి వినిపిస్తుంది. దానికి ప్లగ్గు అక్కర్లేదు. థింసా వాళ్లని అరకు నుంచి పిలుస్తానన్నావు, మంచిదే. కిరండూల్ ప్యాసింజరులో వస్తారో, బస్సులో వస్తారో వాళ్లనే అడుగు, నువ్వే కార్లు మాట్లాడెయ్యకు. వచ్చినవాళ్లకి ముందు అన్నం పెట్టి, పారితోషికం చేతిలో పెట్టు. శాలువా తర్వాత.

అసోసియేషన్ పెద్దాయన డీజే కావాలంటున్నాడని రాశావు. ఆయనతో వాదనకి దిగకు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్సే అని కాగితం తీసి చూపిస్తే నువ్వు గెలుస్తావు, పండగ ఓడిపోతుంది. సాయంత్రం ఇంటికెళ్లి, వాళ్లావిడ చేతి కాఫీ తాగి, ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని అడుగు. ఆయన పేరు బ్యానరు మీద కుట్టించు. ఫ్లెక్సీ మీద బొమ్మకన్నా పట్టుచీర అంచు మీద పేరు తక్కువేం కాదని మెల్లిగా చెప్పు.

మిగతావి నీకు నా కన్నా బాగా తెలుసు. ముగ్గులకి వరిపిండి. బొమ్మల కొలువుకి ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలు ఇంటింటి నుంచీ అరువు తెచ్చుకోవచ్చు, కొత్తవి కొనక్కర్లేదు. పిల్లలకి తాటికాయ బండి చెయ్యడం నేర్పించు. తాటికాయలు ఆ రుతువులో దొరకవంటావేమో, నేను ఎండినవి అటక మీద దాచి ఉంచాను. పాత మిక్సీలూ గొడుగులూ బాగుచేసేవాళ్లని కూర్చోబెట్టాలన్నావు చూడు, ఆ ముక్క నాకు మరీ నచ్చింది. పార్కు అనుమతికి కార్పొరేషన్ (జీవీఎంసీ) వాళ్లకి ఇప్పుడే కాగితం పెట్టు. పండగల ముందు ఆఫీసుల్లో ఎవరూ దొరకరు.

వంట గ్యాసు సంగతి నువ్వే ఎత్తిచూపావు. 19 కిలోల బండ మొత్తం కాలితే 57 కిలోల దాకా కార్బన్ డయాక్సైడు వస్తుంది, జనరేటరు కన్నా ఎక్కువే. కాదనను. కానీ ఆ మంట మీద నాలుగు వందల మందికి పులిహోరా పప్పూ ఉడుకుతాయి. జనరేటరు మీద ఏం ఉడుకుతుందే? వండినది పారెయ్యకుండా చూసుకో, చాలు. పారేసిన అన్నం చెత్తకుప్పలో కుళ్లితే వచ్చే మీథేను కార్బన్ డయాక్సైడు కన్నా ఎన్నో రెట్లు చెడ్డది. ఎంతమంది వస్తారో ఇంటింటికీ తిరిగి ముందే రాసుకో. సున్నా కార్బన్ పండగ అని మాత్రం బోర్డు రాయకు. సున్నా ఎక్కడొస్తుంది? ఎవడో ఒకడు కాలిక్యులేటరు తీసి నిన్ను ఏడిపిస్తాడు. నువ్వు ఏడవకపోయినా నాకు బాధ.

పార్కు మాలిని కమిటీలో వేసుకున్నావా? సోమవారం పొద్దున్న చీపురు పట్టేది అతనే. ఏ మూల గోతిలో విస్తరాకులు వేస్తే ఎరువవుతాయో, కుళాయి ఎక్కడ కారుతుందో, సాయంత్రం ఏ బెంచీ మీద ఏ ముసలాయన కూర్చుంటాడో అతనికే తెలుసు. ఆ ముసలాయన బెంచీకి అడ్డంగా స్టేజీ కట్టకు తల్లీ.

దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగమంటే "సరే పెదనాన్నా" అంటావు గానీ తాగవు. మీ పెద్దమ్మ శొంఠిపొడి దంచింది, డబ్బా తెస్తాను. ఎనిమిదింటికల్లా తినెయ్. పండగ నీ ఒక్కదాని వల్ల జరిగేది కాదు, నువ్వు ఒకపూట పార్కుకి వెళ్లకపోతే ఆగేదీ కాదు.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలూ గ్లాసులూ 2022 జులై 1 నుంచి చట్టప్రకారమే నిషేధం. అలాగని ఆ వెండి రంగు పూత వేసిన కాగితం ప్లేట్లు ఎవరైనా తెస్తామన్నా నువ్వు మెత్తబడకు. ఇక్కడ అడ్డాకు విస్తళ్లు కుట్టే వాళ్లతో మాట్లాడాను. పచ్చాకువైతే దారిలో వాడిపోతాయి, ఆరినవే మంచివి. వెదురు పుల్లలతో కుట్టేది చేత్తోనే కాబట్టి వాళ్లకి వ్యవధి కావాలి. విస్తళ్లు ఎన్నో, డొప్పలు ఎన్నో విడివిడిగా రాయి, నెలాఖరు లోపల తెలిస్తే శనివారం బస్సులో నాతోపాటే కట్టలు తెచ్చేస్తాను. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరికి మీ నాన్నని పంపు, నువ్వు రాకు.

మీ పెదనాన్న