పిలిస్తే పలకని స్పీకర్

ప్రశ్న: కరీంనగర్ నుంచి ఒక గృహిణి రాశారు: మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట లైటు మాటతోనే వేసుకుంటారు. మొదట్లో స్మార్ట్ స్పీకర్ చెప్పగానే వినేది. ఇప్పుడు రెండు మూడుసార్లు అరవాల్సి వస్తోంది, ఒక లైటు అడిగితే ఇంకోటి వేస్తోంది. మార్చేయాలా?

జవాబు: తొందరపడి కొత్తది కొనకండి. మీ మాట నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడ అర్థమయ్యాకే బల్బుకు ఆదేశం వస్తుంది. ఈ దారిలో ఎక్కడ చిక్కుపడిందో ముందు తేల్చాలి.

యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరవండి. మీరన్న మాట అది ఎలా విన్నదో అక్షరాల్లో కనిపిస్తుంది. తప్పుగా పడితే లోపం వినికిడిది. స్పీకర్ కూలర్ పక్కన ఉంటే జరపండి, మైకు రంధ్రాల దుమ్ము పొడి బ్రష్‌తో తీయండి. మీది అలెక్సా స్పీకరైతే, అది మన దేశానికి 2017లో ఇంగ్లిష్‌తో వచ్చింది, 2019లో హిందీ చేరింది. అందుకే ‘నడిమింట్ల లైటు’ అని తెలుగులో పేరు పెడితే దానికి సరిగా ఎక్కదు. ఒకదానికొకటి పోలికలేని పొట్టి పేర్లు పెట్టండి.

మాట సరిగానే పడిందా? అయితే వైఫై చూడండి. చాలా స్మార్ట్ బల్బులు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉందో చూడండి. కరెంటు పోయి వచ్చాక కొన్ని తిరిగి కలవవు. ఆఫ్‌లైన్ అని చూపేదాన్ని యాప్‌లో తీసేసి మళ్లీ జోడించండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి.

అత్తమ్మగారి మంచం దగ్గర మాత్రం ఈ రోజే ఒక సెన్సర్ నైట్‌ల్యాంప్ పెట్టించండి. చీకట్లో ఆమె పడిపోయే ప్రమాదం ఉంది.

స్విచ్‌బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇవన్నీ చూసి, ఒకసారి రీసెట్ చేశాక కూడా స్పీకర్ వినకపోతే బిల్లు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.