తేటనీటి లోగుట్టు

తెలుగువారికి ‘తేట’ అనే మాట మీద మక్కువ ఎక్కువ. మడ్డి దిగిన నీరు తేటనీరు. కల్తీలేని నుడికారం తేటతెలుగు. సందేహానికి తావులేకుండా బోధపడిన విషయం తేటతెల్లం. కంటికి అడ్డు తగలనిదంతా నిర్మలమే అనే భావన ఈ మాటల వెనుక ఉంది. సాహిత్యంలో ఆ భావన చెల్లుతుంది గాని, చేపల తొట్టిలో చెల్లదు. ఈ సంగతిని నేను గ్రంథాల వల్ల కాక, తొమ్మిది చేపల ప్రాణాలు పోయిన తరువాత తెలుసుకొన్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం మా ఇంటి ముందుగదిలో ఒక పెద్ద అక్వేరియం అమర్చుకొన్నాము. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజుతొట్టి అది. లెక్కకు 9 ఘనపుటడుగులు. అంచుదాకా నింపితే సుమారు 255 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే పావు టన్నుకు మించుతుంది కాబట్టి వడ్రంగి చేత ప్రత్యేకంగా బల్ల చేయించాము. ఇసుక కడిగి పరిచాము. ఫిల్టరు బిగించి కుళాయి నీరు నింపాము. మరునాడే పద్నాలుగు బంగారు చేపలను తెచ్చి వదిలాము. ఇంత పెద్ద తొట్టికి పద్నాలుగు చేపలు ఒక లెక్కా అనుకొన్నాను.

మూడవనాటికి నీరు పలచని పాలవలె తెల్లబారింది. శుచీశుభ్రతల విషయంలో నాకు పట్టుదల జాస్తి. సగానికి పైగా నీరు తోడివేశాను. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. ఇసుకను కూడా మళ్లీ కడిగాను. తొట్టి అద్దంలా మెరిసింది. ఐదవనాడు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. వాటి మొప్పలు కందిపోయినట్లు ఎర్రబారాయి. వారం గడిచేసరికి ఐదు మాత్రమే మిగిలాయి. ఆ రోజు కూడా నీరు తేటగానే ఉంది.

మా కళాశాలలో జంతుశాస్త్రం బోధించే మిత్రులు ఒక చిన్న పరీక్షసీసా పట్టుకొని వచ్చారు. తొట్టినీటిలో మందుచుక్కలు వేయగానే పసుపుపచ్చగా ఉండవలసిన ద్రవం ముదురాకుపచ్చగా మారింది. “నీళ్లలో అమ్మోనియా ఉంది మాస్టారూ. దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలో చేరబోతుంటే మీరు వాటినే కడిగి పారబోశారు” అన్నారాయన.

వారు ఆనాడు వివరించిన విషయం సంగ్రహంగా ఇది. చేపలు తమ శరీరంలోని నత్రజని మలినాలను ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విసర్జిస్తాయి. తినక మిగిలిన మేత, కుళ్లిన ఆకులు కూడా అమ్మోనియానే పుట్టిస్తాయి. నదిలోనైతే ప్రవాహం దానిని పలుచన చేస్తుంది. తొట్టిలో అది ఎక్కడికీ పోదు. దానిని నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చేవి మరికొన్ని ఉన్నాయి. ఈ రెండు పనులనూ ఒక్కటే చేయగల జీవులు కూడా ఉన్నాయని 2015లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇవి నీటిలో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజినీ ఇసుకనూ గాజునూ అంటిపెట్టుకొని, పలుచని జిగటపొరగా పెరుగుతాయి. మనం మురికి అని అసహ్యించుకొనే పొరలో ఇవి కూడా ఉంటాయి. పైగా ఇవి బహు నిదానంగా వృద్ధి చెందుతాయి. కొత్త తొట్టిలో తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నన్ను కలవరపెట్టిన పాలరంగు మాత్రం వేరే సూక్ష్మజీవుల వల్ల వచ్చినది. వేచి ఉంటే కొద్దిరోజుల్లో దానంతటదే విరిగిపోయేది.

అమ్మోనియా విషం అన్ని నీళ్లలోనూ ఒకే తీరుగా పనిచేయదు. 25 డిగ్రీల వేడిమిలో నీటి పి.హెచ్. 7 ఉన్నప్పుడు, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది దాదాపు అర శాతమే. పి.హెచ్. 8కి చేరితే అది ఐదు శాతం దాటుతుంది. క్షారగుణం హెచ్చుగా ఉన్న బోరునీరు వాడేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ఇక నైట్రైటు రక్తంలోని హిమోగ్లోబినును పట్టుకొని దానిని ప్రాణవాయువు మోయలేనిదిగా చేస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. గాలిబుడగలు ఎంత జోరుగా వస్తున్నా చేప ఊపిరాడక తపిస్తుంది. నీటిలో కొద్దిగా ఉప్పు ఉంటే అందులోని క్లోరైడు మొప్పల వద్ద నైట్రైటును అడ్డుకొంటుంది. నైట్రేటు వీటంత ప్రమాదకారి కాదు గాని, పేరుకొంటూ పోతుంది. దానిని కొంత మొక్కలు పీల్చుకొంటాయి. తక్కినది నీరు మార్చినప్పుడే పోవాలి.

ఈ జ్ఞానం మానవుడికి ఒక్కసారిగా లభించలేదు. లండన్‌లోని రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ దాదాపు 12 గ్యాలన్ల పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెంచి, తన పరిశీలనలను 1850లో ప్రకటించాడు. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడిపోగా, ఆ కుళ్లును తినే నత్తలను తెచ్చి వదిలాడు. అప్పుడు నీరు నిలకడగా ఉంది. జంతువులు, మొక్కలు ఒకదానికొకటి తోడ్పడతాయని ఆయన గ్రహించాడు గాని, స్పాంజిలోని జీవుల వంటివి ఆయన కంట పడలేదు. సుమారు నలభై సంవత్సరాల తరువాత రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వాటిని వేరుచేసి చూపించాడు.

మన పూర్వులు నీటిని తేర్చడానికి చిల్లగింజను వాడేవారు. సంస్కృతంలో దీనిని కతకం అంటారు. గింజను అరగదీసి కలిపితే నీటిలోని మట్టి ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. కతకమనే పేరును పలికినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి ధర్మాచరణకు దీనిని ఉపమానంగా వాడింది. చక్కని ఉపమానమే. అయితే చిల్లగింజ తీసివేసేది మట్టిని మాత్రమే. నీటిలో కరిగిన అమ్మోనియాను అది ఏమీ చేయలేదు. నేను చేసిన శుభ్రత కూడా ఆపాటిదే.

మిగిలిన ఐదు చేపలను బ్రతికించడానికి మిత్రులు చెప్పినట్లు చేశాను. రెండు రోజులు మేత మాన్పించాము. కుళాయి నీటిలో పురపాలక సంఘంవారు కలిపే క్లోరిన్ మన ఆరోగ్యానికి రక్షణ అయినా, చేపలకూ ఈ సూక్ష్మజీవులకూ చేటు. అందుచేత నీటిని వెడల్పాటి తొట్లలో ఒక రోజంతా నిలవబెట్టి, ఆ తరువాతే మూడవవంతు చొప్పున మార్చాము. క్లోరమైన్ కలిపే ఊళ్లలో ఇలా నిలవబెట్టడం చాలదు. దానికి దుకాణాల్లో దొరికే విరుగుడు మందు వాడవలసిందే. అన్నిటికంటె మేలు చేసింది మిత్రులు తమ పాత తొట్టి నుంచి తెచ్చి ఇచ్చిన ఒక మురికి స్పాంజి. తోడు వేసిన పాలు పెరుగైనట్లు, ఆ స్పాంజిలోని జీవులు మా ఫిల్టరులోకి ప్రాకాయి. మొదట అమ్మోనియా తగ్గింది. ఆ వెనుక నైట్రైటు పెరిగి, అదీ తగ్గింది. రెండూ సున్నాకు వచ్చేదాకా కొత్త చేపను తేలేదు. ఆ తరువాత కూడా ఒకేసారి రెండింటికి మించి చేర్చలేదు.

నిజానికి చేపలు లేకుండానే ఈ పని ముగించవచ్చు. ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తే అమ్మోనియా పుడుతుంది, దానిని తినే జీవులూ పెరుగుతాయి. ఐదారు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడానికి ఓపిక కావాలి. నాకు ఒక్కరోజు ఓపిక కూడా లేకపోయింది.

కరెంటు కోతల సంగతి కూడా చెప్పాలి. ఈ జీవులకు ప్రాణవాయువు అవసరం. ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపల నిలిచిన నీటిలో ప్రాణవాయువు అడుగంటి అవి చచ్చిపోతాయి. అందుకని బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి కొని ఉంచాను. కరెంటు చాలాసేపు పోతే, ఫిల్టరులో మురిగిన నీటిని పారబోసిన తరువాతే మళ్లీ నడిపిస్తాను.

ఆ ఐదింటిలో నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి ఆదివారం తొట్టిలోంచి నాలుగవవంతు నీరు తీస్తాను. నెలకొకసారి ఆ తీసిన బక్కెట్టు నీటిలోనే స్పాంజిని రెండుసార్లు పిండుతాను. గోధుమరంగు జిగట ఇంకా కొంత మిగిలే ఉంటుంది. దానిని అలాగే తిరిగి బిగిస్తాను.