బరువైన కోటు కొనకు బిడ్డా

మెల్‌బోర్న్,
జూన్ మూడో వారం

బిడ్డా శ్రావణీ,

మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన సామాను జాబితా చూశాను. రెండు పెద్ద స్వెట్టర్లు, షోలాపూర్ చెద్దరు, మంకీ క్యాపు, మోకాళ్ల దాకా వచ్చే మందపాటి కోటు. అక్క ప్రేమకు నేను అడ్డు చెప్పను గానీ, ఆ జాబితా కశ్మీర్ పోయే మనిషి కోసం రాసినట్టుంది. మెల్‌బోర్న్ నగరంలో మంచు పడదు. చూడాలనిపిస్తే మౌంట్ బుల్లర్‌కో లేక్ మౌంటెన్‌కో కారులో పోవాలి. నువ్వు దిగే జులైలో ఇక్కడ పగలు సుమారు 14 డిగ్రీలు, తెల్లవారుజామున 6, 7 ఉంటుంది. మన ఆదిలాబాద్‌లో కొన్నేళ్లు చలికాలం పొద్దున ఇంతకంటే కిందికి దిగుతుంది.

మరి అక్కడ స్వెట్టరుతో సరిపెట్టుకున్న మనుషులు ఇక్కడికి వచ్చి వణుకుతారు. గాలి వల్ల. ఒకసారి పటం తీసి చూడు. ఈ ఊరికి ఉత్తరాన వేల కిలోమీటర్ల ఎండు నేల. దక్షిణాన పోర్ట్ ఫిలిప్ అఖాతం, బాస్ జలసంధి, టాస్మేనియా దీవి, ఆ తర్వాత అంటార్కిటికా దాకా నీళ్లే. గాలి ఉత్తరం నుంచి వీస్తే ఎడారి సెగ, నైరుతికి తిరిగితే దక్షిణ సముద్రపు చలి. మనకు నైరుతి వానలు తెస్తుంది, వీళ్లకు చలి తెస్తుంది. ఎండాకాలంలో ఈ రెండూ ఒకే మధ్యాహ్నం జరుగుతాయి. రెండు గంటలకు ఫ్యాను కింద కూడా ఉండలేనంత వేడి, నాలుగింటికి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే చలి. దీన్ని ఇక్కడ ‘కూల్ ఛేంజ్’ అంటారు. కొన్ని రోజులు గంట తిరక్కముందే పదిహేను డిగ్రీలకు పైగా పడిపోతుంది.

2009 ఫిబ్రవరి 7న ఇక్కడ 46.4 డిగ్రీలు నమోదైంది. ఈ నగరానికి అదే రికార్డు. ఆ సాయంత్రం గాలి తిరిగింది. నగరంలో ఉన్నవాళ్లకు ప్రాణం లేచొచ్చింది గానీ, చుట్టుపక్కల అడవుల్లో అంటుకున్న మంటలు ఆ గాలికే దారి మార్చుకుని ఊళ్ల మీద పడ్డాయి. ఆ మంటల్లో 173 మంది పోయారు. వాతావరణ వార్తల్లో గాలి మారే సమయం చెప్తుంటే ఇక్కడి పెద్దవాళ్లు మాట ఆపి వింటారు, అందుకే.

సరే, బట్టల సంగతికి వస్తాను. మందపాటి కోటు రెగ్యులేటర్ లేని ఫ్యానులాంటిది. వేసుకుంటే పూర్తిగా వేసుకోవాలి, తీస్తే పూర్తిగా తీసేయాలి. వీధిలో గాలికి బాగానే ఉంటుంది. ట్రామ్ ఎక్కగానే లోపల హీటరు, పక్కన జనం, ఒళ్లంతా చెమట. దిగగానే ఆ చెమట మీద మళ్లీ చల్లగాలి. ఒళ్లు వణకడానికి అంతకంటే ఏం కావాలి? పైగా క్లాసులో ఆ కోటును ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. దాని బదులు మూడు పలుచటివి తెచ్చుకో. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే థర్మల్ బనియను ఒకటి, దాని మీద ఉన్నిదో ఫ్లీసుదో ఒకటి, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే పలుచటి జాకెట్, తలకు టోపీ కుట్టినది. బట్టకూ బట్టకూ మధ్య చిక్కుకున్న గాలి వెచ్చగా ఉంచుతుంది. పైన ఆ జాకెట్ లేకపోతే అల్లిన స్వెట్టరు ఎంత మందమైనా సందుల్లోంచి గాలి దూరుతుంది. మూడింటిలో ఏది కొనడానికైనా పిసినారితనం చెయ్యి గానీ, పైజాకెట్ దగ్గర చెయ్యకు. హైదరాబాద్‌లో డెకాథ్లాన్‌లో దొరుకుతుంది. మీ నాన్నను వెంటబెట్టుకుని పో, వేసుకుని చూడు. లోపల స్వెట్టరు పట్టేంత వదులు ఉండాలి. చేతులు పైకెత్తితే నడుము బయటపడకూడదు.

స్వెట్టరు ముందు జిప్పో గుండీలో ఉన్నదే కొను. తల మీదుగా తీసేది ఇంట్లో అయితే సరే. కిక్కిరిసిన ట్రామ్‌లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో స్వెట్టరు తలమీంచి లాగి చూడు, నీకే తెలుస్తుంది. జేబులు కూడా చూసి కొను. మన ఆడపిల్లల బట్టలకు జేబులు పెట్టరు, అదొక అన్యాయం. ఇక్కడ చేతులు దాచుకోవడానికీ, మైకీ కార్డు పెట్టుకోవడానికీ, మూసే జేబు ఒకటైనా కావాలి. మైకీ అంటే ఇక్కడి రైలు, ట్రామ్, బస్సు మూడింటికీ ఒకటే కార్డు.

జీన్స్ రెండు చాలు. తడిస్తే రోజంతా తడే. ఇక్కడ చలికాలం ఆరేసిన బట్టలు ఆరవు, ఈ మాట గుర్తుంచుకో. సూర్యుడు ఏడున్నరకు గానీ రాడు, అయిదుంబావుకల్లా పోతాడు. మన డాబా మీద పొద్దున ఆరేస్తే మధ్యాహ్నానికి ఫెళఫెళలాడే నూలు చుడీదార్ ఇక్కడ ఇంట్లో స్టాండు మీద రెండు రోజులు మగ్గుతుంది, ముక్క వాసన కూడా వేస్తుంది. అందుకని లోపలి బట్టలూ సాక్సులూ మాత్రం ధారాళంగా తెచ్చుకో. వాటిని మన దగ్గర కొనడమే చవక. మిగతావి త్వరగా ఆరే గుడ్డవి చూసుకో. ఉన్ని స్వెట్టరును డ్రయ్యర్‌లో వేస్తే చంటిపిల్ల కొలతకు వస్తుంది, జాగ్రత్త.

వీధి కంటే ఇంట్లోనే చలి ఎక్కువ అంటే నువ్వు నమ్మవు. విద్యార్థులకు దొరికే పాత అద్దె ఇళ్లలో కిటికీలకు ఒంటి అద్దాలు, తలుపుల కింద సందులు. హీటరు రోజంతా పెట్టుకుంటే బిల్లు చూసి ఏడవాలి. మనం చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చే జాతి కదా, పలకల నేల మీద అరికాళ్లు జివ్వుమంటాయి. ఇంట్లో వేసుకోవడానికి మందపాటి సాక్సులు, అడుగు మెత్తగా ఉన్న చెప్పులు ఒక జత తెచ్చుకో. చెద్దరు వద్దు, దాని బరువుకు నీ పుస్తకాలు వస్తాయి. ఇక్కడ పక్క మీద పరుచుకునే కరెంటు దుప్పటి చవకగా దొరుకుతుంది, పడుకునే ముందు కాసేపు వేసి ఆపేస్తే చాలు. గది చూసుకునేటప్పుడు కిటికీ ఉత్తరం వైపు ఉందా అని అడుగు. భూమధ్యరేఖకు ఈ పక్కన సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు, ఎండ ఆ కిటికీలోంచే వస్తుంది. మీ తాతయ్య వాస్తు లెక్కలు ఆయనకే వదిలెయ్.

గొడుగు అడిగావు. చిన్నది ఒకటి పెట్టుకో, కానీ దాని మీద ఆశ పెట్టుకోకు. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 650 మిల్లీమీటర్లు, హైదరాబాద్ కంటే తక్కువ. కాకపోతే మన వాన దంచికొట్టి పోతుంది, ఇక్కడిది పది నిమిషాలు చినికి, ఆగి, ఎండ కాసి, మళ్లీ చినుకుతుంది. దానితో పాటు అడ్డంగా గాలి. వానరోజు సాయంత్రం సిటీలో చెత్తబుట్టల్లో తలకిందులుగా గుచ్చిన గొడుగులు కనిపిస్తాయి. జాకెట్‌కున్న టోపీయే నీ గొడుగు. బూట్లు కూడా తడి ఆపేవి, అడుగు జారనివి చూసుకో. కాన్వాసు బూట్లు రెండో జతగా సరే.

ఇంకో మాట చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పరు. నల్ల ప్యాంట్లు రెండు, మామూలు నల్ల చొక్కాలు రెండు, ముందు మూసిన నల్ల బూట్లు ఒక జత పెట్టుకో. హోటల్లోనో కేఫ్‌లోనో దుకాణంలోనో చిన్న ఉద్యోగం దొరికితే చాలాచోట్ల నల్లబట్టలే వేసుకుని రమ్మంటారు. రేపు రమ్మని ఫోన్ వచ్చాక రాత్రి తొమ్మిదింటికి దుకాణాల వెంట పరుగెత్తే బాధ తప్పుతుంది.

మిగతా చలిబట్టలకు పెట్టెలో మూడో వంతు ఖాళీ ఉంచుకుని రా. జులైలో ఇక్కడి దుకాణాలు చలిబట్టలను ధర తగ్గించి అమ్ముతుంటాయి, వసంతకాలపు సరుకు రావాలి కదా. ఇంకా చవగ్గా కావాలంటే ఆప్ షాపులు ఉన్నాయి. జనం వాడి ఇచ్చేసిన బట్టలను విన్నీస్, సాల్వోస్ లాంటి సేవాసంస్థలు అమ్మి ఆ డబ్బుతో పేదలకు సాయం చేస్తాయి. ఒకరు విడిచిన బట్టలు మా పిల్ల కట్టుకోవాలా అని మీ అమ్మ నొచ్చుకుంటుంది, తెలుసు. ఇక్కడ లెక్చరర్లు కూడా కొంటారని చెప్పు. అసలైన మెరినో ఉన్ని స్వెట్టరు కొత్తది కొనాలంటే నీ వారం సరుకుల డబ్బు పోతుంది, ఆప్ షాపులో అంతకంటే చాలా చవగ్గా దొరుకుతుంది. ఉతుక్కుని వేసుకో. చేతికి తగిలితేనే తెలిసిపోయే ఉన్ని అది.

ఎండాకాలానికి వేరే ఏర్పాట్లు అక్కర్లేదు, వరంగల్ మేనెల చూసిన దానివి. కానీ ఒక తేడా ఉంది. మన దగ్గర ఎండ మాడుస్తుంది కాబట్టి నీడకు పోతాం. ఇక్కడ 20 డిగ్రీల చల్లటి రోజున, మబ్బులున్నా, తెలియకుండా చర్మం కాలుతుంది. జనవరిలో అతినీలలోహిత సూచిక 11 దాటే రోజులు మామూలే. చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని 1981లో విక్టోరియా క్యాన్సర్ సంస్థ ఒక సముద్రపక్షి బొమ్మతో ప్రచారం మొదలుపెట్టింది, ఇప్పటికీ చాలా బడుల్లో ఎండాకాలం టోపీ లేని పిల్లను మైదానంలో ఆడనివ్వరు. మన చామనఛాయకు ఏమీ కాదనే మాట నమ్మకు. పూర్తి చేతుల పలుచటి నూలు చొక్కాలు రెండు ఎండకోసం పెట్టుకో. నూలు పనికొచ్చేది అప్పుడే.

బతుకమ్మకు ఏం కట్టుకోవాలని కదా నీ అసలు బెంగ. ఆ నెలల్లో ఇక్కడ వసంతం, ఏడాదిలో అన్నిటికంటే నిలకడలేని కాలం. పట్టుచీర ఒకటి తప్పకుండా తెచ్చుకో, రెండు వద్దు. జాకెట్టు పొడుగు చేతులది కుట్టించుకో, పలుచటి థర్మల్ లోపల పట్టేలా కొంచెం వదులు పెట్టమను. పార్కులో గాలి లేస్తే పట్టుచీరల మీద దూదిజాకెట్లు వేసుకుని చప్పట్లు కొడుతూ తిరుగుతాం. ఫొటో తీసేటప్పుడు మాత్రం అందరం ఒకేసారి విప్పి పక్కన కుప్ప పోస్తాం. ఆ కుప్పలో ఎవరిది ఏదో వెతుక్కోవడం పండుగలో భాగమైపోయింది.

నీకు చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవి, మరిచిపోయినట్టున్నావు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గడ్డి పుప్పొడి కాలం. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుముల గాలివానతో ఆ పుప్పొడి పగిలి గాల్లో కలిసి, వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పోయారు, పదిమంది చనిపోయారు. వాళ్లలో మన దేశం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అంతకుముందు ఉబ్బసం లేనివాళ్లకు కూడా ఆరోజు వచ్చింది. బయల్దేరేముందు డాక్టరును కలిసి ఇన్‌హేలర్ రాయించుకో, చీటీ కూడా దగ్గర ఉంచుకో. అది బట్టల పెట్టెలో కాదు, చేతిసంచిలో.

చేతిసంచిలోనే పైజాకెట్, స్వెట్టరు, సాక్సులు కూడా పెట్టుకో. శంషాబాద్‌లో ఉక్కపోతలో ఎక్కి, రాత్రంతా విమానం ఏసీలో ఉండి, ఇక్కడ పొద్దున్నే దిగితే బయట ఏడు డిగ్రీలు. పెట్టె రావడం ఆలస్యమైనా ఒక రోజు గడవాలి. బరువైన బూట్లు కాళ్లకే వేసుకుని రా, తూకంలో కలిసొస్తుంది. పాత బూట్లు తెస్తే అడుగున మట్టి రేణువు లేకుండా బ్రష్‌తో కడుగు. ఈ దేశం వాళ్లకు బయటి మట్టి అన్నా, విత్తనాలన్నా మహా భయం, విప్పి చూస్తారు. అమ్మమ్మ బట్టల మడతల మధ్య కారప్పొడి, పచ్చడి సీసాలు దూర్చడం ఖాయం. దూర్చనీ, కానీ ఏమేం ఉన్నాయో నువ్వు రాసుకుని, విమానంలో ఇచ్చే కార్డు మీద తినుబండారాలు ఉన్నాయని టిక్ పెట్టు. చెప్పి చూపిస్తే మహా అయితే తీసి పడేస్తారు. దాచి దొరికితే జరిమానా.

వచ్చాక రోజూ పొద్దున ఆకాశం చూసి బట్టలు వేసుకోకు, ఫోన్‌లో వాతావరణ శాఖ యాప్ పెట్టుకుని గాలి ఎటునుంచి ఎప్పుడు తిరుగుతుందో చూడు. ఎండ ఎంత బాగా కాసినా పైజాకెట్ మడిచి సంచిలో వేసుకునే గడప దాటు.

టికెట్ కాగితం నాకు పంపు. శనివారమో ఆదివారమో దిగేలా చూడగలిగితే మీ బాబాయి కారు తెస్తాడు, మామూలు రోజైతే నేనే సెలవు పెట్టాలి, రెండు వారాల ముందు చెప్పాలి ఆఫీసులో.

మీ చిన్నమ్మ