వెన్నుపాము దెబ్బకు కీటో ఆహారం మందవుతుందా?



చింతచెట్టు మీద నుండి, కొబ్బరిచెట్టు మీద నుండి పడినప్పుడు, మోటారు సైకిలు ప్రమాదంలో వెన్నుపూస విరిగినప్పుడు లోపలి వెన్నుపాము కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు దెబ్బకు కింది భాగంలో స్పర్శ, కదలిక పోతాయి. మన గుడిబండ పల్లెల్లో ఇటువంటి రోగి ఉన్న ఇంటివారు ఎవరేది చెప్పినా ఆశతో వింటారు. "సంగటి, అన్నం మాన్పించి నెయ్యి, గుడ్లు, మాంసం పెడితే నరాలు తిరిగి పనిచేస్తాయట" అన్నది అలాంటి మాటే. ఇందులో నిజమెంతో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కీటో ఆహారం అంటే ఏమిటి?

అన్నం, సంగటి, రొట్టెలలోని పిండిపదార్థం ఒంట్లో చక్కెరగా మారి శక్తినిస్తుంది. దానిని రోజుకు సుమారు 50 గ్రాముల లోపుకు తగ్గించి కొవ్వును బాగా పెంచితే, కాలేయం కొవ్వు నుండి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. మెదడు, నరాలు చక్కెరకు బదులు వీటిని వాడుకోగలవు. 100 గ్రాముల రాగిపిండిలోనే సుమారు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కాబట్టి ఒక్క పెద్ద ముద్దతోనే ఆ లెక్క దాటిపోతుంది.

1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగులకు ఈ ఆహారాన్ని సూచించారు. మందులకు లొంగని పిల్లల మూర్ఛకు నేటికీ వైద్యుల పర్యవేక్షణలో దీనిని వాడుతున్నారు.

వెన్నుపాము విషయంలో ఏమి తెలిసింది?

దెబ్బ తగిలిన తరువాత గంటల్లో, రోజుల్లో వాపు వల్ల చుట్టుపక్కల నరకణాలు కూడా చనిపోతాయి. ఈ రెండవ నష్టాన్ని కీటోన్లు తగ్గించవచ్చని శాస్త్రజ్ఞుల ఆలోచన. 2013లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు ఎలుకలపై ఒక పరిశోధన ప్రకటించారు. గాయమైన కొద్ది గంటలకే ఈ ఆహారం మొదలుపెట్టిన ఎలుకలు ముందుకాళ్లను మెరుగ్గా వాడగలిగాయి. తరువాత అమెరికాలోని అలబామాలో, కొత్తగా దెబ్బతిన్న కొద్దిమంది రోగులపై చిన్న పరీక్ష జరిగింది. సూచనలు ఆశాజనకంగానే ఉన్నా, అంత కొద్దిమందిని చూసి ఇది మందు అని చెప్పలేము. ఏళ్లుగా మంచాన ఉన్నవారు దీనితో నడుస్తారన్న రుజువు లేదు.

ఇంట్లో సొంతంగా ఎందుకు మొదలుపెట్టరాదు?

1. మలబద్ధకం, మూత్రపిండాలలో రాళ్లు వెన్నుపాము రోగులకు ముందే ఉండే బాధలు. కీటో ఆహారం ఈ రెంటినీ పెంచవచ్చు.
2. షుగరు వ్యాధికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారికి ప్రాణాపాయం కలగవచ్చు.
3. ఆహారం మీద నమ్మకంతో అసలు సేవ తగ్గిపోవచ్చు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే.

తప్పక చేయవలసినవి

* పడినవారిని లేపి కూర్చోబెట్టకండి, భుజాన వేసుకోకండి. 108కి ఫోన్ చేయండి. తప్పనిసరిగా కదపవలసి వస్తే తల, మెడ, నడుము వంగకుండా బల్లపై పడుకోబెట్టి నలుగురు మోయండి. సువార్తలో పక్షవాయువు గలవానిని పరుపుతో సహా మోసుకొచ్చినవారూ నలుగురే కదా!
* మంచంలో ఉన్నవారిని 2 గంటలకొకసారి పక్కకు తిప్పండి. పిరుదులు, మడమల చర్మం రోజూ చూడండి. ఎర్రబడితే ఆ భాగంపై బరువు పడనీయకండి.
* మూత్రం నిలిచిపోనీయకండి. గొట్టం వాడే పద్ధతిని నర్సమ్మల వద్ద నేర్చుకోండి.
* సంగటి మాన్పించనక్కరలేదు. దానితోపాటు పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర పెట్టండి. పుండు మానడానికి మాంసకృత్తులు అవసరం.
* వ్యాయామ చికిత్స మానకండి.

వేలూరు సి.ఎం.సి. వైద్యురాలు డా. మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి, తిరిగి నడవలేకపోయారు. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఇటువంటి రోగులను తిరిగి జీవితంలో నిలబెట్టే విభాగాన్ని అక్కడ నెలకొల్పారు. కాళ్లు రాకపోయినా ఆమె జీవితం ఆగలేదు.

కాబట్టి కొత్త ఆహారం గురించి వింటే ముందు డాక్టరుగారిని అడగండి. ఈలోగా మీ చేతనైన సేవను మానకండి. మీ సేవను దేవుడు దీవించును గాక.