బర్మా బజారును గూర్చి

మా ప్రవేశపత్రములలో “తండ్రి వృత్తి” యను గడి కలదు. తోపుడుబండిపై బేరము చేయువారు పలువురు అందు “ఏమియు లేదు” అని వ్రాయింతురు. ఇది మాకు సమ్మతము గాదు.

కీత్ హార్ట్ అను మానవశాస్త్రజ్ఞుడు ఘనాదేశపు అక్రా నగరమున, ఉత్తరప్రాంతమునుండి వలసవచ్చిన ఫ్రాఫ్రాల నడుమ నుండి పరిశోధన సాగించెను. లెక్కలలో నిరుద్యోగులనబడువారు నిజమునకు ఏదో యొక బేరములో నుండుటను గ్రహించి, 1973లో ప్రకటించిన వ్యాసమున ఆ రంగమునకు “అనియత” మను విశేషణమును వాడెను.

అంతదూరమేల? మన బీచి స్టేషను చెంతనున్న బర్మా బజారును చూడుడు. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, పెద్దనోట్లను రద్దుపరచగా, లక్షలకొలది భారతీయులు రిక్తహస్తములతో మరలివచ్చిరి. కోరంగి రేవు పేరున అచ్చట “కోరంగీలు” అనబడిన మన తెలుగువారును అందు గలరు. చెన్నపట్టణము చేరిన కాందిశీకులు కాలిబాటప్రక్కన విదేశీ గడియారములు, రేడియోలు అమ్మి సంసారములను నిలుపుకొనిరి. సుంకము చెల్లింపని సరకును అచ్చట అమ్ముడుపోయినది. దానిని మేము సమర్థింపము. కాని నష్టపడి వచ్చినవాడు మరల అంగడి పెట్టుట సామాన్యమా?

2014 నాటి చట్టము వీధివ్యాపారికి ధ్రువపత్రము పొందు హక్కు నొసగినది. కావున ఆ గడిలో “పండ్ల వ్యాపారము” అనియే వ్రాయింపుడు. పూలమ్ము తల్లులును తమ గడిని ఖాళీగా విడువవలదు.