ఊపిరి ఉండగానే ‘పౌర మరణం’

ప్రశ్న: పూర్వం యూరప్‌లో ఘోర నేరాలకు శిక్ష పడినవారిని చట్టం మరణించినవారిగా పరిగణించేదా?

జవాబు: అవును. 1804 నాటి ఫ్రెంచి పౌర స్మృతి ప్రకారం మరణశిక్ష వంటి తీవ్ర శిక్షలు ‘పౌర మరణాన్ని’, అంటే మనిషి జీవించి ఉండగానే చట్టం దృష్టిలో లేకుండా పోయే స్థితిని, వెంట తెచ్చేవి. ఆస్తి వారసులకు సంక్రమించేది, వివాహం రద్దయ్యేది, అయినా భర్తను విడువక కాపురం చేసిన భార్యకు ఆపై పుట్టిన బిడ్డలు అక్రమ సంతానమయ్యేవారు. ఏ నేరమూ ఎరుగని పసివారిని శిక్షించిన ఈ నిబంధనే ఆ విధానంలో అత్యంత అన్యాయమైనది. ఫ్రాన్స్ పౌర మరణాన్ని 1854లో తొలగించింది. ఇంగ్లండ్‌లో రాజద్రోహానికీ, ‘ఫెలనీ’ అనే తీవ్ర నేరాలకూ విధించే ఆస్తి జప్తును 1870 నాటి చట్టం రద్దు చేసినప్పటికీ, శిక్ష అనుభవిస్తున్న అటువంటి నేరస్థులకు ఓటుహక్కును మాత్రం అదే చట్టం నిరాకరించింది.